ఉప్పు ఎత్తు బంగారం: లెక్కకు నిలవని మాట

సంపాదకులకు నమస్కారం.

పశ్చిమ ఆఫ్రికాలోని ప్రాచీన ఘనా సామ్రాజ్యంలో ఉప్పు ఎంత తూగితే అంత బంగారం ఇచ్చేవారన్న మాట పోటీ పరీక్షల గైడ్లలోనూ, పత్రికల విద్యార్థి పేజీల్లోనూ ఏళ్లుగా తిరుగుతోంది. పిల్లలు దాన్నే బట్టీ పడుతున్నారు. దయచేసి ఇకనైనా ఆపండి.

ఘనా రాజు వసూలు చేసిన సుంకాలను అరబ్బు భూగోళవేత్త అల్ బక్రీ 1068లో రాసిపెట్టాడు. ఆయన స్పెయిన్ దాటి అక్కడికి వెళ్లలేదు, వర్తకుల మాటలే ఆధారం. అయినా అంకెలు స్పష్టంగా ఉన్నాయి. గాడిద మోసే ఉప్పు పెరిక లోపలికి వస్తే ఒక బంగారు దీనారు, బయటికి వెళ్తే రెండు. రాగి మోపుకు 5 మిస్కాళ్లు, ఇతర సరుకు మోపుకు 10. దీనారైనా మిస్కాలైనా సుమారు 4.25 గ్రాముల బంగారం. రెండు దీనార్లంటే మన కాసు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఉప్పు బంగారమెత్తు పలికే చోట ఏ రాజైనా 50 కిలోల పెరిక మీద నాలుగు గ్రాములు తీసుకుని ఊరుకుంటాడా?

ధరలు తెలిసేది తర్వాతి మాలి సామ్రాజ్య కాలంలో. 1352లో సహారా ఎడారిలోని తఘాజా ఉప్పు గనుల మీదుగా వెళ్లిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఒంటె మోసే ఉప్పు ఎడారి అంచున ఉన్న వలాతా పట్టణంలో 8 నుంచి 10 మిస్కాళ్లు, మాలి రాజధానిలో 20 నుంచి 30, ఒక్కోసారి 40 పలికేదన్నాడు. 40 మిస్కాళ్లంటే 170 గ్రాములు. ఒంటె మోసే బరువు 100 కిలోలే అనుకున్నా, గ్రాము బంగారానికి అర కిలోకు పైగా ఉప్పు వచ్చేది. ఎడారి అంచున ఉన్న ధర లోపలికి పోయేసరికి రెండు మూడింతలు, ఒక్కోసారి నాలుగింతలు కావడమే ఇందులో అసలు పాఠం. లాభం దూరంలో ఉంది.

ఘనా రాజు సంపద కూడా అలాంటిదే. బంగారం సెనెగల్, ఫలేమే నదుల మధ్య బంబుక్ వైపు నుంచి వచ్చేది. అక్కడ మట్టి తవ్వి, నీళ్లలో కడిగి పొడి తీసేవారు. రాజుకు పట్టు ఉన్నది దారి మీద, సుంకం మీద. దొరికిన బంగారు ముద్దలు రాజుకే చెందాలి, పొడి మాత్రం జనానిది. అలా కాకపోతే బంగారం పోగుపడి విలువ పోతుందని అల్ బక్రీ కారణం కూడా చెప్పాడు. పరీక్షలో అడగదగ్గ ప్రశ్న ఇది!

పటం కూడా సరిచేయాలి. ప్రాచీన ఘనా రాజధానిగా ఎక్కువమంది పరిశోధకులు గుర్తించే కుంబి సాలే నేటి మారిటేనియాలో ఉంది. 1957లో స్వతంత్రమైన నేటి ఘనా ఆ పేరు మాత్రమే తీసుకుంది. ఆ నేల వేరు. మీ విద్యార్థి పేజీలో ఈ రెండు సవరణలూ, తూకాలను గ్రాముల్లోకి మార్చి, పటంతో సహా వేయమని కోరుతున్నాను.

– ఒక చరిత్ర ఉపాధ్యాయురాలు, వరంగల్