మా అమ్మాయికి అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మా అమ్మాయి ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి వచ్చేశాం, వాపు కూడా తగ్గుతోంది. ఫోన్ చేసిన అందరితో మాట్లాడలేకపోయాను, అందుకే ఇలా రాస్తున్నాను.

తనకున్నది పారీ-రోంబెర్గ్ సిండ్రోమ్. ముఖంలో ఒక పక్క చర్మం కింది కొవ్వు మెల్లగా కరిగిపోతుంది. కొందరికి కండ, ఎముక కూడా తగ్గుతాయి. చాలా అరుదు. ఎక్కువగా 20 ఏళ్ల లోపే మొదలవుతుంది. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అంటుకునేది మాత్రం కాదు, దిష్టీ కాదు, తిండి చాలక వచ్చిందీ కాదు.

దీన్ని ముందు పట్టుకున్నది మా పళ్ల డాక్టర్ గారు. పుచ్చు పన్ను చూపిద్దామని వెళ్తే ఆయన ఎడమ బుగ్గనే చూస్తూ ఉండిపోయారు. పాత ఫొటోలు అడిగి, ఫోన్‌లో ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకుని, "ఇది పంటి వల్ల కాదమ్మా, స్కిన్ డాక్టర్‌కి చూపించండి" అని ఉత్తరం రాసిచ్చారు. డాక్టర్ గారూ, మీ మేలు మరువలేం.

పక్షవాతమేమోనని మేం వణికిపోతుంటే, స్కిన్ డాక్టర్ గారు పాప చేత బుగ్గలు ఊదించారు, కళ్లు గట్టిగా మూయించారు, నవ్వించారు. అన్నీ చక్కగా చేసింది. "నరం బాగుంది, తగ్గింది కొవ్వే" అన్నారు. 1825లో పారీ, 1846లో రోంబెర్గ్ అనే డాక్టర్లు దీని గురించి రాశారని చెప్పారు. జబ్బుకు ఒక పేరుందని తెలిశాకే మాకు కాస్త ఊపిరి ఆడింది. కొందరికి ఫిట్స్, కంటి సమస్యలు కూడా వస్తాయట. అందుకని ఎమ్మారై, కంటి పరీక్ష చేయించారు. రెండూ నార్మల్.

తర్వాత జబ్బు ముదరకుండా ఆపడానికి మెథోట్రెక్సేట్ అనే మందు మొదలుపెట్టారు. అది వారానికి ఒక్కసారే వేయాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. మా వీధి మెడికల్ షాపు బాబాయి గారు ప్రతిసారీ స్ట్రిప్ మీద ఎర్ర పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని రాసి, ఆ మందు ఇబ్బందులు తగ్గించే ఫోలిక్ యాసిడ్ విటమిన్ వేరే కవర్లో పెట్టి ఇచ్చేవారు. సోమవారం ఫోన్ చేసి "నిన్న వేశారా తల్లీ?" అని అడిగేవారు. సొంత బాబాయి అయినా అంతకంటే ఏం చేస్తాడు!

జబ్బు ఇంకా ముదురుతుండగా ఆపరేషన్ చేస్తే బుగ్గలో కొత్తగా పెట్టిన కొవ్వు కూడా పోవచ్చని, అది పూర్తిగా ఆగిందని నమ్మకం కుదిరే దాకా ప్లాస్టిక్ సర్జన్ గారు కత్తి పట్టలేదు. పొట్ట దగ్గర కొవ్వు తీసి, సన్నని గొట్టంతో బుగ్గలోకి కొంచెం కొంచెంగా ఎక్కించారు. అందులో కొంత ఇంకిపోతుందని, మళ్లీ చేయాల్సి రావచ్చని ముందే చెప్పారు. దానికీ సిద్ధంగానే ఉన్నాం.

స్కూల్లో పిల్లలు పేర్లు పెడుతుంటే, పాపను అడిగి మరీ క్లాసులో అందరికీ ఈ జబ్బు గురించి వివరించిన టీచర్ గారికి నా నమస్కారాలు. ఆ రోజు నుంచి పాప స్కార్ఫ్ లేకుండా స్కూలుకు వెళ్తోంది.

ఇక మా తోటికోడలు. అడ్వాన్స్ కట్టాల్సిన రోజు, మేం అడగకుండానే గాజులు తీసి చేతిలో పెట్టింది. చెల్లీ, వచ్చే నెల విడిపించి తెస్తాను. వద్దు, ఉంచు అనకు.

పిల్లల ముఖంలో ఒక పక్క పల్చబడుతున్నట్టు ఎవరికైనా అనిపిస్తే పాత ఫొటోలు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నాతో మాట్లాడాలనిపిస్తే ఏ వేళైనా ఫోన్ చేయండి.