స్కేల్ మోడళ్లకు దులుపుడు గుడ్డ పనికిరాదు

సంపాదకులకు,

సంక్రాంతి నెల పట్టగానే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రతి ఇంటా బూజు కర్ర బయటికొస్తుంది. భోగి లోపు అటక నుంచి అల్మరా దాకా అన్నీ దులిపేయాలి. ఆ ఊపులో అద్దాల అల్మరాలోని స్కేల్ మోడళ్ల మీద, అంటే అసలు వాటిని కొలత ప్రకారం కుదించి కట్టిన చిన్న విమానాలు, ఓడలు, ట్యాంకుల మీద కూడా తడిగుడ్డ పడుతుంది. ఏడాదంతా పట్టిన దుమ్ము చేయని నష్టాన్ని ఆ పది నిమిషాల్లో గుడ్డ చేసేస్తుంది. పండుగకు ముందే ఈ లేఖ వేస్తే కొన్ని మోడళ్లయినా బతుకుతాయని రాస్తున్నాం.

గుడ్డ ఎందుకు వద్దంటే, కొలత వల్ల. విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన టీయూ-142 విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 50 మీటర్లు. 1:72 కొలతలో, అంటే అసలులో 72వ వంతుగా చేస్తే, అది 70 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. దాని ఎదుటి కుర్సురా జలాంతర్గామి 91 మీటర్ల పొడవు. 1:350లో చేస్తే 26 సెంటీమీటర్లే, బడిపిల్లల స్కేలు బద్ద కన్నా పొట్టి. అన్నీ చిన్నవైపోయాయి గానీ దుమ్ము మాత్రం చిన్నదవలేదు. తలవెంట్రుక మందం 0.07 మిల్లీమీటర్లు అనుకుంటే, 1:72 రెక్క మీద అది 5 మిల్లీమీటర్ల తాడు, 1:350 ఓడ మీద రెండున్నర సెంటీమీటర్ల మోకు. ఓడ అంచున మనిషి నడుమెత్తు ఉండే కమ్మీ 3 మిల్లీమీటర్లకు మించదు, అదీ కాగితమంత పలచని ఇత్తడి రేకుతో చేసింది. గుడ్డలోని ఒక్క నూలుపోగు దానికి తగులుకుంటే వరుస మొత్తం లేచొస్తుంది.

రెండో కారణం ప్లాస్టిక్ గుణం. ముక్కలుగా వచ్చే మోడల్ కిట్లలో ఉండేది ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టే, పొడిగుడ్డతో రుద్దిన మోడల్ గాలిలోని దుమ్మును లాక్కుంటుంది. తుడిచిన మర్నాడే మళ్లీ బూడిదరంగు పొర కనిపించడానికి అదే కారణం.

పని మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపాలి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. బల్ల మీద మందపాటి తెల్ల తువ్వాలు పరవాలి. ఊడిన ముక్క దాని మీద పడితే ఎగిరిపోదు, తెలుపు మీద కంటికి ఆనుతుంది కూడా. పై అర నుంచి కిందికి రావాలి, ఒక్కసారి ఒక్క మోడలే బయటికి తీయాలి. విమానాన్ని రెక్క మొదలు దగ్గర, పొట్ట కింద చేయిపెట్టి ఎత్తాలి. చక్రాల కాళ్లను, తోకను పట్టుకోకూడదు. ఓడనైతే పీటతో సహా ఎత్తాలి.

మొదటి పని గాలితో. కెమెరా లెన్సులకు వాడే రబ్బరు బల్బు చాలు. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడిన చోట మచ్చ మిగులుతుంది. డబ్బాల్లో వచ్చే ఒత్తిడి గాలిని ఊపి గానీ, వంచి గానీ కొడితే లోపలి ద్రవం బయటికొచ్చి రంగు మీద మంచులా పేరుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి సన్నని భాగాలు వంగిపోతాయి.

తర్వాత కుంచె. రెండుంటే చాలు: మేకప్‌కు వాడే అంగుళం వెడల్పు మెత్తటి కుంచె ఒకటి, వాటర్ కలర్ 4వ నంబరు ఉడుత వెంట్రుకల కుంచె ఒకటి. రెండూ కొత్తవై ఉండాలి. ముఖానికి పూసిన పౌడరో, పాత రంగో అంటిన కుంచె మోడల్‌ను ఇంకా పాడుచేస్తుంది. ముక్కు నుంచి తోకకు, యాంటెనా ఉంటే మొదలు నుంచి కొసకు మాత్రమే దువ్వాలి. అడ్డంగా గీస్తే విరిగేది అక్కడే. పెద్ద కుంచె కొసను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, టిష్యూ మీద బాగా ఒత్తి, ఆ చెమ్మతో దువ్వితే దుమ్ము గాలిలోకి లేవకుండా వెంట్రుకలకే అంటుకుంటుంది. ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి పాత నైలాన్ మేజోడు చుట్టి రబ్బరుబ్యాండు వేయండి. అతి తక్కువ వేగంలో 10 సెంటీమీటర్ల దూరాన పట్టుకుని, కుంచెతో దుమ్మును అటు తోయాలి. ఏదైనా ముక్క ఊడితే సంచిలోకి పోకుండా మేజోడు మీదే ఆగుతుంది.

పోపు ఆవిరి, అగరుబత్తి పొగ తగిలే గదుల్లో దుమ్ము జిడ్డుగా మారుతుంది. దానికి కుంచె చాలదు. అరలీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, ఇయర్‌బడ్ ముంచి పిండి, రుద్దకుండా దొర్లించాలి. మురికి అంటిన ప్రతిసారీ కొత్త బడ్ తీసుకోవాలి. ఆఖరున ఉత్త డిస్టిల్డ్ వాటర్ బడ్ దొర్లించి, నీడలో ఆరనివ్వాలి. బోరునీళ్లు వాడితే ఆరాక తెల్ల మచ్చలు తేలతాయి. ముందుగా పొట్ట అడుగున కనపడని చోట పరీక్షించడం తప్పనిసరి. పైన వార్నిష్ పూత లేని స్టిక్కరు గుర్తులకు నీరు తగిలితే లేచిపోతాయి. బురద, తుప్పు కనిపించేలా రంగుపొడి అద్దిన ట్యాంకులకు బల్బు గాలి తప్ప మరేదీ తగలకూడదు, కుంచె కూడా వద్దు.

శానిటైజర్, స్పిరిట్ అక్రిలిక్ రంగును లేపేస్తాయి. నెయిల్ పాలిష్ రిమూవర్, థిన్నర్ అయితే ప్లాస్టిక్‌నే కరిగిస్తాయి. అద్దం తుడిచే స్ప్రేను అల్మరా లోపల కొట్టకండి. బయట గుడ్డ మీద కొట్టుకుని, ఆ గుడ్డతో అద్దం మాత్రం తుడవాలి. స్పిరిట్‌కు చోటున్నది ఒక్కచోటే: నడిచే రైలు మోడళ్ల పట్టాలు. వాటి మీద మసి పేరుకుంటే కరెంటు అందక ఇంజను ఆగి ఆగి పోతుంది. పోగులు రాని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి పట్టా పైఅంచు తుడవాలి, ఇంజను పైభాగానికి తగలనివ్వకూడదు.

మన ఇళ్లలో చాలామంది చేసే తప్పొకటి గట్టిగా చెప్పాలి. పురుగు పట్టకుండా అల్మరాలో కలరా ఉండలు వేస్తారు. బట్టలకు అది సరేగానీ మూసిన అద్దాల అరలో ఆ ఆవిరి పాలీస్టైరీన్‌ను మెత్తబరుస్తుంది, రంగు జిగటగా మారుతుంది. ఆ నష్టం వెనక్కి తిరగదు. వాటి బదులు సిలికా జెల్ సంచులు పెట్టండి. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండిపోయాయని అర్థం. భీమిలి నుంచి కళింగపట్నం దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇవి లేకపోతే ఇత్తడి భాగాలకు పచ్చ చిలుము పట్టడం ఖాయం. తలుపు సందుకు స్పాంజి పట్టీ అంటిస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ఎండ సూటిగా పడే గోడ పనికిరాదు.

ఈ జిల్లా ఇళ్లలో మోడళ్ల పక్కనే బొబ్బిలి బుల్లి వీణ కూడా ఉంటుంది. గొల్లపల్లి పనివారు పనస కర్రతో చేసిన ఆ జ్ఞాపికకు తడి అసలు వద్దు. తీగల కింద చిన్న కుంచె, మిగతా ఒంటికి మెత్తటి పొడి కుంచె చాలు.

తెరిచి ఉన్న అరలైతే పదిహేను రోజులకోసారి, అద్దాల అల్మరాకైతే మూడు నెలలకోసారి కుంచె పడితే జిడ్డు కట్టే అవకాశమే ఉండదు.

ఇంత జాగ్రత్తపడినా ఏదో ఒకటి ఊడుతుంది. వెంటనే జిప్ కవర్లో వేసి, ఏ మోడల్‌దో రాసిపెట్టండి. అతికించేటప్పుడు కాక్‌పిట్ అద్దం దగ్గర సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. అక్కడ తెల్ల ఫెవికాల్ సూదిమొనంత చాలు, ఆరాక పారదర్శకంగా ఉంటుంది.

బడుల్లో సైన్స్ గది అల్మరాలున్న ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. పిల్లలు నెలల తరబడి కట్టిన థర్మోకోల్ వంతెనలు, రాకెట్లకూ ఇవే నియమాలు. వాటిని ఊడ్చే సిబ్బందికి వదిలేయకుండా, కట్టిన పిల్లలకే ఒక బల్బు, రెండు కుంచెలు ఇచ్చి అల్మరా తాళం చెవి అప్పగించండి.

ఇట్లు,
స్కేల్ మోడళ్లు కట్టే పాఠకులు,
విజయనగరం