బాండ్ల లిస్టు చేతికొచ్చాక కూడా సగం మంది ఓటెయ్యలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను గవర్నమెంట్ స్కూల్ టీచర్‌ని, హైదరాబాద్‌లోనే ఉంటాం. 2024 మే 13న లోక్‌సభ ఎన్నికలకి నాకు సికింద్రాబాద్ సీటు కింద ఒక బూత్‌లో డ్యూటీ పడింది, వేలికి ఇంకు పెట్టి రిజిస్టర్‌లో సంతకం తీసుకోవడం నా పని. పొద్దున 7కి మొదలెడితే 9 దాకా బానే వచ్చారు, ఎవరంటే వాచ్‌మెన్లు, వాళ్ల ఇంటోళ్లు, ఇళ్లల్లో పనికి పోయేముందు ఓటేసి పోదామని వచ్చిన ఆడవాళ్లు, మనవడి భుజం పట్టుకుని మెల్లగా నడిచొచ్చిన ఒక పెద్దాయన. ఒకావిడకి సిమెంట్ పనికి వేళ్లు పగిలిపోయి ఇంకు సరిగ్గా పట్టలేదు, తుడిచి మళ్లీ పెట్టా, "గట్టిగ పెట్టు మేడం, నా ఓటు పోతదేమో" అని ఒకటే కంగారు ఆమెకి. ఆ స్కూల్ గోడ పక్కనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు రెండున్నాయి, బాల్కనీల్లో మనుషులు కనపడుతూనే ఉన్నారు, కిందకి మాత్రం దిగలేదు. మధ్యాహ్నం మూడింటికి ఏజెంట్లు కూడా కుర్చీల్లో జోగుతున్నారు. సాయంత్రం 6కి మిషన్ సీల్ చేసి లెక్క చూస్తే వెయ్యికి పైగా పేర్లున్న బూత్‌లో ఐదొందలు కూడా దాటలేదు.

మా బూత్ ఒక్కటే కాదు, ఆ రోజు హైదరాబాద్ సీటులో 48 శాతం, సికింద్రాబాద్‌లో 49, మల్కాజిగిరిలో 50 చిల్లర. 2020 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలకైతే 46.55 శాతమే.

ఇప్పుడు రెండో సంగతి, నన్ను నిద్రపోనివ్వంది ఇదే. ఆ పోలింగ్‌కి దాదాపు మూడు నెలల ముందు, ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎలక్టోరల్ బాండ్లు, అంటే పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇవ్వడానికి బ్యాంకులో కొనే బాండ్లు, రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది, ఐదుగురు జడ్జీలూ ఒకే మాట మీద. వాటిని అమ్మిన స్టేట్ బ్యాంక్ లెక్కలివ్వడానికి జూన్ 30 దాకా టైమ్ అడిగితే కోర్టు కుదరదంది, అందుకే మార్చి 14న లిస్టు బయటికొచ్చింది. మొత్తం అమ్మినవి 16 వేల కోట్ల పైన, అందరికంటే ఎక్కువ కొన్నది ఒక లాటరీ కంపెనీ 1,368 కోట్లు, రెండోది మన హైదరాబాద్ కంపెనీయే మేఘా ఇంజనీరింగ్, 966 కోట్లు. బీజేపీకి ఆరు వేల కోట్ల పైనే వచ్చాయి, మన దగ్గర బీఆర్‌ఎస్‌కి 1,200 కోట్ల దాకా, వైఎస్సార్‌సీపీకీ టీడీపీకీ కూడా వందల కోట్లు. 2017కి ముందు కంపెనీలు మూడేళ్ల లాభాల సగటులో ఏడున్నర శాతానికి మించి చందా ఇవ్వకూడదని రూల్ ఉండేది, అది తీసేశారు, నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నమాట, కోర్టు దాన్ని కూడా కొట్టేసింది.

అంటే ఎవరు ఎవరికి డబ్బులిచ్చారో ఆరేళ్లు దాచి, చివరికి ఓటుకి రెండు నెలల ముందు మన చేతిలో పెట్టారు. అలాంటిది సగం ఊరు ఇంట్లోనే ఉండిపోయింది, నాకు చాలా బాధేసింది.

మా కాలనీలో అడిగితే అందరిదీ ఒకటే మాట, అంతా డబ్బున్నోళ్ల చేతుల్లోనే ఉంది, మా ఒక్క ఓటుతో ఏమవుద్ది అని. నాకర్థమైంది అయితే దీనికి రివర్స్. వంద మందిలో నలభై ఆరు మందే వచ్చే చోట కార్పొరేటర్ గెలవాలంటే పాతిక మంది చాలు, ఆ పాతిక మందిని పట్టుకోవడానికయ్యే ఖర్చు తక్కువ, మనం ఇంట్లో కూర్చునే కొద్దీ చందాలిచ్చేవాళ్లకి పని ఇంకా చవకవుతుంది. లోక్‌సభ క్యాండిడేట్ ఖర్చుకి 95 లక్షలు లిమిట్ ఉంది గానీ పార్టీ ఖర్చుకి అసలు లిమిట్టే లేదు, ఆ పెద్ద డబ్బంతా అటు నుంచే దిగుతుంది.

రానివాళ్లందరిదీ బద్ధకం అనను, అది అన్యాయం. ఇల్లు మారిన వాళ్ల పేర్లు పాత అడ్రస్‌లోనే ఉంటాయి, మా అత్తగారి పేరే ఒకసారి లిస్టులో గల్లంతైంది, ఇంకా చాలామందికి ఓటు ఇక్కడా ఉంది అక్కడ సొంతూళ్లోనూ ఉంది. అదే మేలో విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిపోయాయి కదా, ఆంధ్రాకి ఓటెయ్యడానికి పోయేవాళ్లే, అక్కడ 80 శాతం దాటింది. ఊరి ఎమ్మెల్యే ఎవరో పట్టించుకుని రాత్రంతా డ్రైవ్ చేసి పోయినవాళ్లు ఇరవై ఏళ్లుగా బతుకుతున్న ఈ ఊరిని ఎవరు నడుపుతున్నారో పట్టించుకోవట్లేదంటే ఇది నాది అనే ఫీలింగ్ రాలేదనే అనుకుంటున్నా.

బాండ్లు పోయినా ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి, పది కంపెనీల డబ్బు ఒక దాంట్లో పడి అక్కడి నుంచి పార్టీలకి పోతుంది, ఏ కంపెనీ రూపాయి ఏ పార్టీకి చేరిందో తేల్చడం కష్టం, ఆ లెక్కలైనా ఏడాది అయిపోయాకే వస్తాయి. ఓటుకి ముందు తెలియని లెక్క ఓటరుకెందుకు? చందా తీసుకున్న వారం లోపల పేరుతో సహా బయటపెట్టాలని రూల్ పెట్టాలి.

మీ పేపర్‌కి నా రిక్వెస్ట్ ఒకటే. వచ్చే కార్పొరేషన్ ఎన్నికలకి వారం ముందు ఏ పార్టీకి ఎవరిచ్చారు ఎంతిచ్చారు అని అందుబాటులో ఉన్నంత వరకు మొదటి పేజీలో తెలుగులో వేయండి, దాని పక్కనే డివిజన్ వారీగా పోయినసారి ఎంత శాతం పడిందో కూడా వేయండి. మా అపార్ట్‌మెంట్ నోటీస్ బోర్డు మీద అతికించే పని నాది.

ఇట్లు,
ఒక టీచర్, హైదరాబాద్