శీనూ, మదర్‌బోర్డు కొనకముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. ఉరుములు మెరుపులతో కరెంటు పోయి, తెల్లారి వచ్చాక కంప్యూటర్ లేవడం మానేసిందనీ, బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోందనీ రాశావు. షాపతను మూత కూడా విప్పకుండా "మదర్‌బోర్డు పోయిందండీ" అనేశాడన్నావే, అది మాత్రం నాకు నచ్చలేదు. బోర్డు పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఫ్యాన్ కదిలి ఆగిపోవడానికి బోర్డు కాక ఇంకా మూడు నాలుగు కారణాలున్నాయి. అన్నీ బోర్డుకన్నా చవకే, ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగినవే.

ముందు నీ బెంగ తీరుస్తాను. పాప ఫొటోలు, చెల్లెమ్మ స్కూలు ఫైళ్లు హార్డ్‌డిస్కులో ఉన్నాయి. బోర్డు పోయినా, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) పోయినా అవి చెరిగిపోవు. ఎవరైనా "ఫార్మాట్ కొట్టి చూద్దాం" అంటే మాత్రం ఒప్పుకోకు. ఫ్యానే తిరగని కంప్యూటర్‌కి ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ లేదు, ఉన్నవి పోతాయి.

అసలు సంగతేంటంటే, ఏం పోయిందని వెతకడం కన్నా ఎక్కడ ఆగిందని వెతకాలి. బటన్ నొక్కగానే బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ని కరెంటు అడుగుతుంది. ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టులు ఇచ్చి, అవి నిలకడగా ఉన్నాయని తేలాక ఒక తీగ మీద "సరే" అని సంకేతం పంపుతుంది. ఆ తర్వాతే ప్రాసెసర్ కదులుతుంది, బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) ర్యామ్‌ని పలకరిస్తుంది, తెర మీద బొమ్మ వస్తుంది. డిస్కు, విండోస్ అన్నీ ఆఖర్న. నీది మొదటి మెట్టు మీదే ఆగింది. కాబట్టి విండోస్ గురించి ఇప్పుడు ఆలోచించకు.

మొదట యూపీఎస్‌ని పక్కన పెట్టి, సీపీయూని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టు. యూపీఎస్‌లో ఉండే బ్యాటరీ రెండు మూడేళ్లకి నీరసపడుతుంది. లోడు పడగానే చేతులెత్తేస్తుంది, నింద కంప్యూటర్ మీద పడుతుంది. పవర్ కార్డు కూడా మార్చి చూడు, మానిటర్‌ది దీనికీ సరిపోతుంది. అలాగే కేబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? అంటే ఆ ప్లగ్గుకి ఎర్త్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు (విద్యుత్తుని కాస్త నిలవ చేసే భాగాలు) లైనుకీ న్యూట్రల్‌కీ మధ్య నుంచి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణాపాయం ఉండదు గానీ, పిడుగు పడ్డప్పుడు దారి లేని విద్యుత్తు బోర్డు మీదుగా పోతుంది. కంప్యూటర్ బాగైనా కాకపోయినా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఎర్త్ సంగతి చూడరా. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే తీసి అవతల పారెయ్.

ఇప్పుడు మూత విప్పు. ముందు ప్లగ్గు పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పౌడరు పూసినట్టు దుమ్ముంటే పెయింటు బ్రష్షుతో దులుపు. తడిగుడ్డ వద్దు. కాకినాడ ఉప్పుగాలికి కాంటాక్టులు నల్లబడతాయి, అది గుర్తుపెట్టుకో.

మూత విప్పాక అన్నిటికన్నా ముందు చేయాల్సింది, పైగా ఎవరూ చేయనిది: హార్డ్‌డిస్కుకీ, ఎస్‌ఎస్‌డీకీ, డీవీడీ డ్రైవుకీ పోతున్న పవర్ కనెక్టర్లు మూడూ పీకేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కు. ఎందుకంటే, హార్డ్‌డిస్కు కింద ఉండే ఆకుపచ్చ బోర్డు మీద 5 వోల్టులకీ 12 వోల్టులకీ చెరొక రక్షణ డయోడ్ ఉంటుంది. హైవోల్టేజీ వచ్చినప్పుడు అది తనను తాను షార్ట్ చేసుకుని డిస్కుని కాపాడుతుంది. ఒక్కోసారి అలాగే షార్ట్‌గా ఉండిపోతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ స్టార్టవుతూనే షార్ట్ కనిపెట్టి ఆగిపోతుంది. నువ్వు చెబుతున్న లక్షణం అచ్చం అదే! డిస్కు తీసేయగానే ఫ్యాన్ ఆగకుండా తిరిగితే బోర్డు భేషుగ్గా ఉన్నట్టే. పోయింది బహుశా డిస్కు మీది ఒక చిన్న డయోడ్, లోపలి డేటా మామూలుగా భద్రమే. ఆ డిస్కుని మాత్రం సొంతంగా కెలక్కు. డేటా రికవరీ చేసేవాడికిచ్చి "టీవీఎస్ డయోడ్ షార్ట్ అయిందేమో చూడండి" అను, ఆ మాట వింటే అతనికి అర్థమవుతుంది.

ఇంకో షార్ట్ ముందువైపు యూఎస్‌బీ పోర్టుల్లో ఉంటుంది. టార్చి వేసి చూడు. లోపలి నాలుగు రేకుల్లో ఏదైనా వంగి పక్కదానికి తగిలినా ఇదే ఆట. అనుమానంగా ఉంటే బోర్డు మీద ఆ పోర్టుల కేబుల్ పీకి చూడు.

అయినా మార్పు లేదా? అయితే వోల్టులు కొలిచే మల్టీమీటర్ తియ్. డీసీ 20 వోల్టుల మీద పెట్టు. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ బోర్డుకి తగిలించే ఉంచి, వెనకనుంచి, తీగ కనెక్టర్లోకి దూరే చోట, ముల్లు దూర్చాలి. నల్ల ముల్లు ఏదైనా నల్ల తీగకి. ఎర్ర ముల్లు మొదట ఊదారంగు తీగకి. కంప్యూటర్ ఆన్ చేయకపోయినా, ప్లగ్గులో కరెంటు ఉంటే చాలు, అక్కడ 5 వోల్టులు ఉండాలి. 4.75 నుంచి 5.25 దాకా సరే. అది లేదంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే, ఇక ముందుకి వెళ్లనక్కర్లేదు.

అది ఉంటే ఆకుపచ్చ తీగకి రా. మామూలుగా అక్కడ మూడు నుంచి ఐదు వోల్టుల మధ్య ఉంటుంది. బటన్ నొక్కగానే దాదాపు సున్నాకి పడాలి, బోర్డు కరెంటు అడిగే పద్ధతి అదే. నొక్కినా పడకపోతే తప్పు బటన్‌లోనో బోర్డులోనో ఉంది. బటన్ తీగలు పీకి, బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించు. అప్పుడు లేస్తే పాడైంది బటనే! చాలా ఇళ్లలో ఇంతే జరుగుతుంది. సున్నాకి పడినా ఫ్యాన్ ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్సో, దాని మీది షార్టో. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల దాకా రావాలి, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3. ఫ్యాన్ కదిలిన ఆ క్షణంలో పసుపు ఏడెనిమిది వోల్టులకి కూలిపోతే కచ్చితంగా అటువైపే.

మీటర్ దొరక్కపోతే క్లిప్పు పరీక్ష ఉంది. ప్లగ్గు పీకి, బోర్డుకి వెళ్లే రెండు కనెక్టర్లూ, అంటే 24 పిన్నులదీ ప్రాసెసర్ పక్కన ఉండే 4 పిన్నులదీ, ఊడదీసి, పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చనీ దాని పక్క నల్లదాన్నీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెట్టు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగితే ప్రాణం ఉందని అర్థం. లోడు మోస్తుందని మాత్రం కాదు, అక్కడ మోసపోకు. తీగలన్నీ నల్లవే ఉన్న రకమైతే ఈ పరీక్ష జోలికి వెళ్లకు, తప్పు పిన్ను కలిపితే కొత్త ఖర్చు. ఇక ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దురా. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలవుంటుంది, ప్లగ్గు పీకాక కూడా.

"రాత్రిదాకా బాగానే నడిచింది కదా" అని నువ్వు అడుగుతావు. ఎస్‌ఎంపీఎస్‌లో ఊదారంగు తీగకి కరెంటిచ్చే చిన్న సర్క్యూట్, నువ్వు కంప్యూటర్ ఆపేసినా, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ పని చేస్తూనే ఉంటుంది. ఆ వేడికి అందులోని కెపాసిటర్లు ఏళ్ల తరబడి ఎండుతాయి. నడుస్తున్నంతకాలం ఎలాగో ఈడ్చుకొస్తాయి. గంటల తరబడి కరెంటు లేక పూర్తిగా చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టే శక్తి వాటికి ఉండదు. అందుకే పిడుగు పడకపోయినా పాత ఎస్‌ఎంపీఎస్‌లు తరచూ పొడుగాటి కరెంటు కోత తర్వాత పోతాయి. నీదీ ఇదే అయ్యుంటుందని నా గట్టి అనుమానం.

ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉందని తేలితే ర్యామ్ దగ్గరికి వెళ్లు. ప్లగ్గు పీకి, రెండు స్టిక్కులూ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో రెండువైపులా మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఒక్క స్టిక్కే పెట్టు. క్లిప్పు టక్కుమనేదాకా నొక్కాలి, చాలామంది భయపడి సగంలో ఆపేస్తారు. ఒక స్టిక్కు, ఒక స్లాటు చొప్పున మార్చి మార్చి చూడు. ఇక్కడో మంచి పరీక్ష ఉంది. బోర్డు మీద స్పీకర్ పిన్నులకి చిన్న బజర్ తగిలించి (కొద్ది రూపాయలకే దొరుకుతుంది), ర్యామ్ అసలు లేకుండా ఆన్ చెయ్. ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూ బీప్ బీప్‌మని మొరపెట్టుకుంటే ప్రాసెసర్, బయోస్ బతికే ఉన్నాయి, "ర్యామ్ లేదు" అని చెబుతున్నాయి. "మదర్‌బోర్డు పోయింది" అన్న మాటకి అదే జవాబు.

బోర్డు మీది సీఆర్‌2032 బిళ్ల బ్యాటరీ కూడా కొలువు. 3 వోల్టుల చుట్టూ ఉండాలి, 2.7కి దిగితే మార్చెయ్. మార్చేటప్పుడు ప్లగ్గు పీకి ఐదు నిమిషాలు బ్యాటరీ లేకుండా వదిలెయ్, బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఆ తర్వాత విండోస్ నీలం తెర చూపిస్తే కంగారు పడకు. డిస్కు మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐకీ ఐడీఈకీ మధ్య మారి ఉంటుంది, బయోస్‌లోకి వెళ్లి పాతదానికి మార్చు.

ఇవన్నీ చేశాక కూడా, అంటే డిస్కులు లేకుండా, ఒక్క ర్యామ్‌తో, మంచిదని తేలిన ఎస్‌ఎంపీఎస్‌తో కూడా లేవకపోతే, అప్పుడు బోర్డుని అనుమానిద్దాం. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడు. బోర్డు కేబినెట్‌లోంచి తీసి అట్టముక్క మీద పెట్టి కూడా ఒకసారి ప్రయత్నించు, కింద ఎక్కడో జారిపడ్డ స్క్రూ తగులుతూ ఉండొచ్చు.

కొనాల్సి వస్తే ఎలా కొనాలో చెబుతాను. ఎస్‌ఎంపీఎస్ అయితే డబ్బా మీద రాసిన "500 వాట్" చూసి మురిసిపోకు. పక్కన స్టిక్కర్ మీద 12 వోల్టుల లైను ఎన్ని యాంపియర్లో చూడు, 12ని దానితో గుణించు, అదే దాని అసలు బలం. 25 యాంపియర్లుంటే 300 వాట్లు. నీ నాలుగో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్‌కి 84 వాట్ల రేటింగు, పైగా గ్రాఫిక్స్ కార్డు లేదు. కాబట్టి పేరున్న కంపెనీ, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తుతో 400, 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. బోర్డే అయితే కొత్తది దొరకదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నీ ప్రాసెసర్‌కి సరిపోయే హెచ్81 రకం వాడిన బోర్డులు వెతకొచ్చు, కానీ దాని మీద పెద్దగా డబ్బు పెట్టొద్దని నా సలహా. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. బోర్డు చవగ్గా దొరికితే సరే, లేకపోతే ఆ డబ్బు కొత్తదాని మీద పెట్టు, డిస్కు మాత్రం దాచు.

లేచాక మొదటి పని పాప ఫొటోలు బయటి డిస్కులోకి కాపీ చేయడం, ఆటలు ఆ తర్వాత. కాపీ చేసేటప్పుడు హార్డ్‌డిస్కు టక్ టక్‌మంటూ శబ్దం చేస్తే వెంటనే ఆపెయ్. డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ లాంటివి నడపకు, చచ్చిపోతున్న డిస్కుని అది ఇంకా ముందుగా చంపుతుంది.

డిస్కులు పీకాక ఫ్యాన్ తిరిగిందా లేదా, ఊదారంగు తీగ మీద ఎంత వచ్చింది, బటన్ నొక్కినప్పుడు ఆకుపచ్చది సున్నాకి పడిందా, ఈ మూడూ రాయి. బోర్డు మధ్యలో ముద్రించిన మోడల్ పేరు కనబడేలా ఒక ఫొటో కూడా పంపు. షాపతనికి అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

నీ
రాజు