గిరి ప్రదక్షిణ చేసిన కాళ్లతో వీల్‌చైర్ ఎక్కాను: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు, కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మంత్రి గారూ, ముందు నా తప్పు చెప్పుకుని, తర్వాత మీ శాఖ సంగతికి వస్తాను. ఏటా ఆషాఢంలో నేను సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. కొండ మొదటి మెట్టు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, మాధవధార మీదుగా తిరిగి తెల్లారేసరికి మళ్లీ కొండ కింద ఉంటాను. రెండేళ్ల కిందట అమ్మాయికి పురుడు పోయడానికి మా ఆవిడతో కలిసి అమెరికా వెళ్తూ, అవే కాళ్లు పెట్టుకుని వీల్‌చైర్లో కూర్చున్నాను.

మా ఆవిడకి మోకాళ్లు నిజంగానే అరిగిపోయాయి. నాకేమీ లేదు. టికెట్లు బుక్ చేసిన అమ్మాయి ఫోన్ చేసి, "ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించేశాను నాన్నా, లైన్లలో నిలబడక్కర్లేదు, విమానం మారేచోట వాళ్లే తీసుకెళ్లి ఎక్కిస్తారు" అంది. నాకెందుకమ్మా అంటే, "అందరూ పెట్టిస్తారు, నువ్వు ఊరుకో" అంది. ఊరుకున్నాను. నలభై ఏళ్లు పిల్లల కాపీలు పట్టుకున్నవాణ్ని నేను. "అందరూ చేస్తున్నారు సార్" అన్నవాడికి రెండు దెబ్బలు ఎక్కువ పడేవి.

విమానం మారిన ఊళ్లో తలుపు బయట కుర్చీలు వరుసగా పెట్టి ఉన్నాయి. మాకు రెండూ వచ్చాయి. మా వెనకాల చేతికర్రతో ఒక పెద్దావిడ దిగింది. రాజమండ్రి వైపు మనిషట, తుంటి ఆపరేషన్ అయి ఏడాది కాలేదట. ఆవిడ కుర్చీ రాలేదు. గోడకి ఆనుకుని నిలబడి, "ఏం బాబూ, మనకింకా ఎంతసేపు పడుతుంది?" అని నన్నే అడిగింది. మనకి అంది. నేను కుర్చీలో ఉన్నాను. లేచి ఇచ్చి ఉండొచ్చు. లేవలేదు. లేస్తే నడవగలనని అక్కడ అందరికీ తెలిసిపోతుందని భయం. అబద్ధంలో కూర్చున్నాక లేవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మమ్మల్ని తోసుకుపోతుంటే నేను వెనక్కి తిరిగి చూడలేదు.

చివరి ఊళ్లో ఇమిగ్రేషన్ వేరే లైన్లోంచి గబగబా అయిపోయింది. బెల్టు దగ్గర మాత్రం నా బండారం బయటపడింది. మడుగుల హల్వా, పలాస జీడిపప్పు, రెండు రకాల ఆవకాయ నింపిన 23 కిలోల పెట్టెను లేచి ఒక్క గుంజు గుంజి కిందికి దించాను. కుర్చీ తోసిన కుర్రాడు చూశాడు. ఏమీ అనలేదు. పది డాలర్లు చేతిలో పెట్టాను. అది టిప్పో లంచమో నాకిప్పటికీ తేలలేదు.

ఎక్కేటప్పుడు వీల్‌చైర్, దిగేటప్పుడు సొంత కాళ్లు. అమెరికాలో ఇలాంటి వాటికి 'మిరకిల్ ఫ్లైట్' అని పేరు పెట్టి నవ్వుకుంటారు, గాల్లో ఉండగా ఏ దేవుడో ప్రత్యక్షమై కాళ్లిచ్చాడన్నట్టు. ఆ నవ్వు మన ముసలివాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. కోపం వస్తుంది, కానీ కాదనలేను. ఆ నవ్వులో నా వాటా ఉంది.

ఇది సరదాగా చెప్పుకునే కథ కాదని మీకు తెలుసు. 2024 ఫిబ్రవరిలో ముంబయి విమానాశ్రయంలో ఏం జరిగిందో మీ శాఖ రికార్డుల్లోనే ఉంది. న్యూయార్క్ నుంచి వచ్చిన 80 ఏళ్ల పెద్దాయన, ఆయన భార్య, ఇద్దరూ వీల్‌చైర్లు అడిగారు. ఒక్కటే వచ్చింది. భార్యని కూర్చోబెట్టి ఆయన నడిచాడు. ఇమిగ్రేషన్ దాకా వెళ్లి కుప్పకూలి చనిపోయాడు. విమాన సంస్థల్ని నియంత్రించే డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల జరిమానా వేసింది. వేయాల్సిందే, అడిగిన కుర్చీ ఇవ్వడం సంస్థ బాధ్యత. కానీ ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అలాంటి రోజు ఒక్కో విమానంలో నాలాంటి వాళ్లు ఎన్ని కుర్చీల్లో కూర్చుని ఉంటారు?

అలాగని మమ్మల్నందరినీ దొంగల కింద కట్టేయకండి. మీది శ్రీకాకుళం జిల్లా నిమ్మాడ. మీ జిల్లా ఊళ్లలోంచి ఎంతమంది తల్లిదండ్రులు పిల్లల కోసం డల్లాస్‌కీ అట్లాంటాకీ వెళ్తున్నారో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. విశాఖ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు. హైదరాబాదో ఢిల్లీయో వెళ్లాలి, అక్కణ్నుంచి ఎక్కువగా గల్ఫో యూరపో, తర్వాత అమెరికా. శ్రీకాకుళం బస్సు తప్ప ఎక్కని మనిషి రెండు మూడు చోట్ల దిగి, గేటు వెతుక్కుని, ట్రెయిన్ ఎక్కి ఇంకో టెర్మినల్‌కి పోవాలి. బోర్డు చదవలేరు, అనౌన్స్‌మెంట్ అర్థం కాదు. తప్పిపోతామేమో, విమానం వెళ్లిపోతుందేమో, పోలీసులు పట్టుకుంటారేమో అని టెన్షన్. వీళ్లకి కావాల్సింది కుర్చీ కాదండీ. చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లే మనిషి. ఆ మనిషి కుర్చీతో పాటే వస్తాడు కాబట్టి కుర్చీ అడుగుతున్నారు.

ఇందులో లెక్క చూడండి. వీల్‌చైర్ సాయం ఉచితం. అది చాలా మంచి నిబంధన. దారి చూపించి తీసుకెళ్లే 'మీట్ అండ్ అసిస్ట్' సేవ వేరే ఉంది, చాలా విమానాశ్రయాల్లో దానికి డబ్బు కట్టాలి. కాళ్లు లేవంటే ఊరికే వస్తుంది, దారి తెలీదంటే బిల్లు వస్తుంది. ఇలాంటి ప్రశ్నపత్రం నేనిచ్చి ఉంటే క్లాసు మొత్తం ఒకే తప్పు రాసినందుకు నన్నే అనేవారు.

విమాన సంస్థలకి తేడా తెలియక కాదు. వాళ్ల కోడ్‌లలోనే మూడు రకాల వీల్‌చైర్ ప్రయాణికులున్నారు. మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేనివారు ఒకరు, మెట్లు కూడా ఎక్కలేనివారు రెండోవారు, సీటు దాకా మోసుకెళ్లాల్సినవారు మూడోవారు. మాలాంటి కల్తీ అంతా మొదటి రకంలో చేరుతుంది. బుకింగ్ పేజీలో ఆ గడి పక్కనే నాలుగో గడి పెట్టించండి: 'నడవగలను, దారి చూపే మనిషి కావాలి'. డెబ్బై దాటినవాళ్లకీ, మొదటిసారి విమానం ఎక్కేవాళ్లకీ అది ఉచితం చేయండి. ఒక్క కుర్రాడు ఒక్క కుర్చీ తోసే సమయంలో పదిమందిని వెంటబెట్టుకుని గేటు దాకా నడిపించగలడు. తిరుపతికి యాత్రికులను తీసుకెళ్లే గైడు చేసేది అదే కదా, చేతిలో ఒక చిన్న జెండా పట్టుకుని.

కొందరు దీనికి తేలిక మందులు చెప్తున్నారు. వీల్‌చైర్‌కి డబ్బు వసూలు చేయమని ఒకటి. వద్దండి. డబ్బున్నవాడు కట్టేసి దర్జాగా కూర్చుంటాడు. కీళ్లవాతంతో, కూడబెట్టిన పింఛనుతో మొదటిసారి విమానం ఎక్కిన మనిషి బిల్లు చూసి "ఫర్వాలేదు, నడుస్తాలే" అంటాడు. డాక్టర్ సర్టిఫికెట్ అడగమని ఇంకొకటి. సర్టిఫికెట్ సంగతి నన్నడగండి. సెలవు చీటీల కోసం మా స్కూల్లో పిల్లలు తెచ్చిన మెడికల్ సర్టిఫికెట్లన్నీ నిజమైతే మా ఊరు ఎప్పుడో ఖాళీ అయి ఉండేది.

ఇంతకీ, ప్రయాణికుడికి ఈ తెలివితేటలు ఎక్కణ్నుంచి వచ్చాయి? కొంత పుట్టుకతోనే, ఒప్పుకుంటాను. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినవాళ్లం. అయిదేళ్లు నిండిన పిల్లాణ్ని కండక్టర్ ముందు నాలుగేళ్లవాణ్ని చేసినవాళ్లం. విమానం ఎక్కినా ఆ చేతులే. సూట్‌కేసు తూకం వేసేటప్పుడు కింద బొటనవేలు ఆనించడం, ఏడు కిలోలు దాటిన చేతి సంచిని కౌంటర్ దాటేదాకా తోడు వచ్చినవాడి దగ్గర దాచడం, రెండేళ్లు దాటిన పిల్లని ఒళ్లో పాప అని చెప్పడం చూస్తూనే ఉన్నాం.

మిగతా కొంత మాత్రం కంపెనీలు నేర్పిన విద్య. ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మొచ్చు, చోటు చాలక ఒకణ్ని దించేస్తే మూల ఛార్జీకి రెండింతలో నాలుగింతలో పరిహారం, దానికీ 10,000 అనీ 20,000 అనీ పరిమితి. అది వ్యాపారం. అదే ప్రయాణికుడు మధ్య ఊరికంటే దూరపు ఊరికి చవగ్గా దొరికిన టికెట్ కొని మధ్య ఊళ్లో దిగిపోతే మోసం. అమెరికాలో ఇలాంటి టికెట్లు వెతికిపెట్టే వెబ్‌సైట్ మీద విమాన కంపెనీలు కోర్టుకే వెళ్లాయి. అలా దిగిపోవడం ఒప్పని నేననను, షరతులు చదివి సంతకం పెట్టాం. కానీ ఒక ఆటలో ఒకరికే నీతి పాఠం చెప్తే రెండోవాడు వినడు.

సీట్ల విషయం మరీ అన్యాయం. మొన్న హైదరాబాద్ వెళ్తుంటే నా ముందు వరుసలో ఒక అమ్మాయి, ఉద్యోగంలో చేరడానికి వెళ్తోందట, కిటికీ సీటు డబ్బు కట్టి కొనుక్కుంది. విమానం లేస్తుంటే యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, సముద్రం కనిపిస్తాయని. ఒక కుటుంబం వచ్చి, "అమ్మా, మా పెద్దాయన ఒక్కడే వెనక పడ్డాడు, కాస్త సర్దుకో" అన్నారు. ఆ పిల్ల తటపటాయించింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా "సర్దుకోమ్మా" అన్నారు. సర్దుకుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సర్దుకోవడం అంటే ఇవాళ నేను, రేపు నువ్వు. ఇక్కడ సర్దుకోవడమంటే ఆ పిల్ల తన డబ్బు వాళ్ల చేతిలో పెట్టడం. పోనీ వాళ్లు చెడ్డవాళ్లా? ఒకే టికెట్ మీద ఉన్న నలుగురిని సాఫ్ట్‌వేర్ నాలుగు మూలలకి విసిరేసింది, కలిసి కూర్చోవాలంటే తలా కొంత కట్టమంది. వాళ్లు కట్టలేదు, ఆ పిల్లని అడిగారు. మన సంస్కారంలో ఉన్న మాటని కంపెనీ ధర కట్టి అమ్ముకుంటోంది. పన్నెండేళ్లలోపు పిల్లల్ని తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ చెప్పింది. దాన్ని కాస్త పొడిగించి, ఒంటరిగా కూర్చోలేని పెద్దవాళ్లకి కూడా వర్తింపజేయండి.

చక్రాలు నేలకి తగలగానే లేచి నిలబడేవాళ్ల గురించీ, స్పీకర్ పెట్టి రీల్స్ చూసేవాళ్ల గురించీ కూడా రాద్దామనుకున్నాను. వదిలేస్తున్నాను. టర్కీ వాళ్లు 2025లో లేచినవాళ్లకి జరిమానా పెట్టారు, మన దగ్గర అది పెడితే విశాఖ విమానం ఒక్కటి చాలు, మీ శాఖ బడ్జెట్ నిండిపోతుంది. కొట్టడం, తిట్టడం చేసేవాళ్లని విమానం ఎక్కనివ్వకుండా నో ఫ్లై లిస్టు ఉండనే ఉంది. దాన్ని వాడితే చాలు.

మీరు పట్టించుకోరని నేననుకోవడం లేదు. విమానాశ్రయంలో పది రూపాయలకి టీ దొరకదని అందరూ అంటుంటే, 2024 డిసెంబరులో కోల్‌కతాలో ఉడాన్ యాత్రీ కేఫ్ తెరిచి ఇప్పించారు. టీ ఇప్పించిన మంత్రికి ఒక మనిషిని ఇప్పించడం కష్టం కాదు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కట్టిన కొత్త టెర్మినల్‌లోనే మొదలుపెట్టండి. తలుపు దగ్గర తెలుగులో మాట్లాడే నలుగురు కుర్రాళ్లని నిలబెట్టండి. 'మీకు దారి చూపిస్తాం' అని పెద్ద అక్షరాలతో వాళ్ల చొక్కాల మీదే రాయించండి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చేవాళ్లు కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో అబద్ధం చెప్పే అవసరం తప్పుతుంది.

వచ్చే నెల మనవడి పుట్టినరోజుకి మళ్లీ వెళ్తున్నాం. నిన్న అమ్మాయి ఫోన్లో బుకింగ్ పేజీ తెరిచి, "నాన్నా, నీకు?" అని అడిగింది. అమ్మకి ఒక్కటే పెట్టు అన్నాను. "మరి విమానం మారేచోట తప్పిపోతే?" అంది. ఆ పేజీ అంతా కిందికి పైకి వెతికింది. నాకు సరిపోయే గడి లేదు.

అది పెట్టించమనే ఈ ఉత్తరం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
విశాఖపట్నం