హైడ్రాంజియా వద్దే తల్లీ

బరంపురం
ఆదివారం, మధ్యాహ్నం

ఏమే,

ఫోన్లో చెబుదామంటే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఈ ఉత్తరం. పూలకొట్లో కుర్రాళ్ళు భోజనాలకి వెళ్ళారు, ఫ్యాను కింద బకెట్ల మధ్య కూచుని రాస్తున్నాను. కాగితం మీద తడి చుక్కలు కనిపిస్తే ఏడ్చాననుకోకు, రోజాల నీళ్ళవి.

ముందు సంతోషం చెప్పనీ. నీ చిన్నదానికి పెళ్ళేమిటే! మన బడి వెనక గోడ మీద కూచుని కజ్జికాయలు తిన్నది నిన్నో మొన్నో అన్నట్టుంది. పైగా వియ్యాలవారు ఒడియావాళ్ళు, పెళ్ళి మన ఊళ్ళోనే. పెద్దదయితే జ్యేష్ఠంలో చెయ్యకూడదని మీ అత్తగారు పేచీ పెట్టి ఉండేది. రెండోది కాబట్టి బతికిపోయావు.

ఇక మండపం ఇలాగే కట్టమని నువ్వు పంపిన ఫొటో. వంద మందికి చూపించి ఉంటావు, నేనూ చూశాను. నీలం, లేత గులాబీ రంగు ముద్దలు మండపం నిండా వేలాడుతున్నాయి కదా, వాటిని హైడ్రాంజియాలంటారు. బాగున్నాయి, కాదన్ను. కానీ వెనకాల నిలబడ్డ చుట్టాలని చూశావా? అందరూ చలికోట్లు వేసుకున్నారు. మనది బరంపురంలో జ్యేష్ఠం. ఆ పువ్వు కాడతోనే కాదు, రేకుల్తో కూడా నీళ్ళు తాగుతుంది. నీళ్ళు లేని చోట గంటసేపు వేలాడదీశావంటే ఆరేసిన తడిగుడ్డలా కిందికి జారిపోతుంది. రాత్రి లగ్నానికి మధ్యాహ్నం కట్టాలి మరి. మీ వియ్యపురాలు వచ్చి తల పైకెత్తేసరికి అక్కడ ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు.

నీ చేత ఇంకో తప్పు కూడా చేయించకూడదని రాస్తున్నాను. నువ్వు ఫోన్లో 'స్టేజికి లిల్లీలు పెట్టించవే' అన్నావు. ఏ లిల్లీ? మనం లిల్లీ పూలనేది తెల్లగా కాడకి వరసగా పూసేవి, ఇక్కడ ఒడియావాళ్ళు రజనీగంధ అంటారు. కేటలాగులో లిల్లీ వేరు, అరచేయంత పువ్వు, ఒక్కో కాడ ఖరీదు వింటే కూచుంటావు. కొత్తలో ఒకావిడ లిల్లీ అంటే నేను రజనీగంధ లెక్క చెప్పాను, ఆవిడ మనసులో ఉన్నది ఆ పెద్ద లిల్లీ. పెళ్ళినాడు ఆవిడ ముఖం చూసి నాకు తిండి సయించలేదు. అప్పట్నుంచి పువ్వు పేరు చెబితే ఒప్పుకోను, ఫొటో చూపించమంటాను. బంతినే చూడు, తెలుగు ఇంట్లో బంతి, పక్కింటి ఒడియావాళ్ళకి గెండు. కొట్లో ఫోను ఎత్తిన కుర్రాడు ఏ భాషలో రాసుకుంటే నాకు ఆ భాషలో పువ్వు దిగుతుంది.

ఈ పని ఎలా మొదలైందో నీకు తెలుసు. 2013లో కొట్టు తెరిచాను. దసరాకని బంతి తెప్పించి గుట్టలు పోశాను. అక్టోబరు 12 సాయంత్రం ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. రేకుల కప్పు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. మర్నాడు వీధంతా బురదలో పచ్చటి బంతిరేకులు. మా ఆయన ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే కొట్టు మూసేసేదాన్నేమో.

అయినా గాలివానది ఒక దెబ్బే. నా తెలివితక్కువతనానివి చాలా ఉన్నాయి. ఒకటి చెబుతాను, నీ పెళ్ళికి పనికొస్తుంది. మూడేళ్ళ కింద ఒక పెళ్ళికి కార్నేషన్లు ఒప్పుకున్నాను. కల్యాణమండపం వాళ్ళు వెనకవేపు ఏసీ గది ఒకటి ఇచ్చారు. పూల బకెట్లన్నీ అందులో సర్దించాను. గది చల్లగా ఉందని పెళ్ళివారు పండిన అరటిగెలలు, మూడు బుట్టల మామిడిపళ్ళు తెచ్చి అందులోనే పెట్టారు. చూసి కూడా, సరేలే పళ్ళే కదా అనుకుని తలుపేసి తాళం వేశాను. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు తీస్తే గుప్పుమని మామిడి వాసన. లైటేసి చూస్తే పూలన్నీ నిద్రపోతున్నట్టున్నాయి. రేకులు లోపలికి ముడుచుకుపోయి, పిల్లలు ముఖం మీదికి దుప్పటి లాక్కున్నట్టు. కాడలు కోసి కొత్త నీళ్ళలో పెట్టినా ఒక్కటీ విచ్చలేదు. పండే పండు ఎథిలీన్ అనే వాయువు వదుల్తుంది, కార్నేషన్ దానికి అసలు తట్టుకోదు. ఆ సంగతి తర్వాత తెలిసింది. లగ్నం ఏడింటిలోపు. కుర్రాళ్ళని బజారుకి తరిమి దొరికిన బంతి, రజనీగంధ తెప్పించి, చేతులు వణుకుతుండగా కట్టేశాం. పెళ్ళికూతురి తండ్రి బిల్లులో కార్నేషన్ల వరస మీద పెన్నుతో గీత కొట్టేశాడు. పళ్ళు వాళ్ళవి, గది వాళ్ళది, కానీ తలుపేసింది నేను. మారు మాట్లాడలేదు.

మీ పెళ్ళికి నా లెక్క ఇది. లగ్నం రాత్రి 11 దాటాక కదా. మల్లెమొగ్గని మించింది లేదే. తెల్లవారకుండా కోసిన మొగ్గ పగలంతా తడిగుడ్డలో మూసుకునే ఉంటుంది, పొద్దువాలాక మెల్లగా విచ్చుతుంది. మధ్యాహ్నం కట్టిన దండ జీలకర్ర బెల్లం వేళకి పూర్తిగా పూస్తుంది. ఏ దేశపు పువ్వు నీకిలా ముహూర్తం చూసుకుని పూస్తుంది? వెనక తెరకి రజనీగంధ దండలు, అంచులకి బంతి, అక్కడక్కడా తామరలు. చామంతి అడగకు, అది చలికాలపుది, ఈ ఎండలకి దొరికినా చూడబుద్ధి కాదు. బంతి కొంత కడియం నుంచి వేన్లో వస్తుంది, కొంత కలకత్తా నుంచి రైల్లో. వంద కావాలంటే నూట ఇరవై కొంటాను, దారిలో నలిగేవి ఎలాగూ ఉంటాయి.

పువ్వులు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోము ఇటుకలు వస్తాయి, చూసే ఉంటావు. నీటి మీద వదిలేస్తే దానంతట అదే మునగాలి, తొందరపడి నొక్కితే లోపల గాలి ఉండిపోయి మధ్యలో పొడిగా మిగులుతుంది. కొత్త కుర్రాడెవడైనా నొక్కేది నొక్కేదే. పైగా అది మట్టిలో కలవదు, చిదిమితే ప్లాస్టిక్ పొడి. అందుకే ఇప్పుడు వీలున్నచోటల్లా అరటి బోదె వాడుతున్నాను. అడ్డంగా పడుకోబెట్టి కాడలు గుచ్చితే దాని తడి చాలు, రాత్రంతా నిలబడతాయి. పెళ్ళయ్యాక ఆవుకి వేసెయ్యొచ్చు. మా అమ్మమ్మ చూస్తే దీనికింత ఇదా అనేది.

మండపం దగ్గర ఒక చిక్కుంది. మనకి తెరసెల్ల, తలంబ్రాలు. వాళ్ళకి బేది అనే పెళ్ళివేదిక, హోమం, వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి. రెండూ ఒకే పందిరి కింద జరగాలి. హోమం పైన పూలు కిందికి వేలాడదీస్తే సెగకి గోధుమరంగు తిరుగుతాయి, నెట్టు గుడ్డ అయితే అంటుకుంటుంది. అందుకని నడిమధ్య ఖాళీగా వదిలి నాలుగు స్తంభాలకే పూలు కడతాను. ఫొటోలో బోసిగా ఉందని మీ మరిది అంటే నా దగ్గరికి పంపు. పెళ్ళికొడుకు తలకి సోలా ముకుటం, అదే తెల్లటి బెండుతో చేసే కిరీటం, వాళ్ళే తెచ్చుకుంటారు, మన బాసికం దాని కింద ఎలా కడతారో పంతుళ్ళిద్దరూ తేల్చుకోవాలి. సోలా అంటే నాకు కాస్త అసూయే, వాడదు కదా.

జడ మాత్రం నాకు వదిలెయ్. నీ పెళ్ళికి మీ అమ్మ వేసిన మొగలిరేకుల జడ గుర్తుందా? మొగలి మన గంజాంది, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని అసలు కాలం వానల్లో, జ్యేష్ఠానికి అప్పుడప్పుడే మొదలు. తెల్లారేసరికి అత్తరు బట్టీలవాళ్ళు పువ్వుకింత అని లెక్కబెట్టి కొనుక్కుపోతారు, వాళ్ళకంటే ముందు వెళ్ళాలి. ఛత్రపురం వేపు నాకు తెలిసిన ముసలాయన ఉన్నాడు, ఒక పది పువ్వులు ఆపమని ఇప్పుడే చెప్పిపెట్టాను. రేకు అంచున రంపంలా సన్నటి ముళ్ళుంటాయి, బ్లేడుతో రెండువేపులా గీరి, మడిచి, జడలో కుట్టాలి. నా బొటనవేలు నిండా దాని గీతలే. శివుడికి పనికిరాదన్నారు గానీ పెళ్ళికూతురికి పనికిరాదని ఎవరూ అనలేదు.

డబ్బు సంగతి. పువ్వు ఖరీదు, కూలి నువ్వివ్వాలి, నా పని ఊరికే. ఊరికే వద్దని సాగదీశావో, పూర్తి రేటు వేస్తాను, పైన స్నేహం ఛార్జీ కూడా.

నువ్వు వెంటనే చెప్పాల్సినవి: లగ్నం నిమిషాలతో సహా. మండపం తలుపు ఎంత వెడల్పు, మీ మరిదితో టేపు పెట్టి కొలిపించు. కరెంటు పోతే జనరేటరు ఎవరిది. అన్నిటికంటే ముందు, మామిడిపళ్ళ బుట్టలు ఏ గదిలో పెడతారో. పూలగది తాళంచెవి నా కొంగుకే ఉంటుంది, మీ అత్తగారు అడిగినా ఇవ్వను.

కుర్రాళ్ళు వచ్చేశారు, ఒకడప్పుడే ఫోము నొక్కుతున్నాడు. ఉంటాను.

నీ
గోడమీద పిల్ల