‘మా భూమి’కి దర్శకుడు ఎవరు?

సంపాదకుడు గారికి,

అయ్యా,

పది రోజుల క్రితం మీ ఆదివారం అనుబంధంలో సినీ దర్శకుడు బి. నర్సింగరావు గారిపై వచ్చిన వ్యాసం చదివిన నాడే ఈ ఉత్తరం రాయవలసింది. మీరే సవరణ వేస్తారేమోనని ఆగాను. ఇంతవరకు వేసింది లేదు. ‘మా భూమి’కి ఆయనే దర్శకుడని వ్యాసకర్త రెండుచోట్ల ఘంటాపథంగా రాశారు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ చిత్రానికి దర్శకత్వం వహించింది బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్. నర్సింగరావు గారు నిర్మాత, చిత్రానువాదంలో భాగస్వామి.

చేయని పని ఆయనకు అంటగట్టిన వ్యాసకర్త, చేసినవాటిని మాత్రం పొదుపుగా వాడుకున్నారు. 1983కు, 1990కి ఉత్తమ తెలుగు చిత్రాలుగా జాతీయ పురస్కారాలు పొందిన ‘రంగుల కల’, ‘మట్టి మనుషులు’ ఆ వ్యాసంలో మచ్చుకైనా లేవు. ఆయన దర్శకత్వం వహించిన ‘దాసి’కి ‘ఒక జాతీయ అవార్డు’ వచ్చిందట! 1988 సంవత్సరానికి ఆ చిత్రానికి వచ్చినవి ఐదు: ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి మన చిత్రకారుడు వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. ఆ సుదర్శన్ గారికి ‘దాసి’ అనే మాట ఇంటిపేరై స్థిరపడిపోయింది. దొర గడి గోడలు, ఆ మసక వెలుతురు, ఒంటిమీది చీర కలిసి కథానాయిక కమలాక్షి బతుకేమిటో ఆమె నోరు విప్పకముందే చెప్పేస్తాయి గనుకనే ఆ పనులకు విడివిడిగా పురస్కారాలు దక్కాయని, చిత్రం చూసిన ఎవరికైనా తెలుస్తుంది.

చూస్తే కదా! ఆయన పుట్టిన ప్రజ్ఞాపూర్ మాకు దగ్గరేనన్న అభిమానంతో, నిరుడు మా పక్క పట్టణంలో అధికారులు ఏర్పాటు చేసిన ‘దాసి’ ప్రదర్శనకు బస్సెక్కి వెళ్లాను. ఎక్కడినుంచి దించుకున్నారో గాని, బొమ్మ అలుక్కుపోయిన ప్రతి ఒకటి వేసి, అరగంట గడిచీ గడవకముందే ముఖ్య అతిథి వచ్చారని దాన్నీ ఆపేశారు. తరువాత శాలువాలు, ఫొటోలు. మైకు అందుకున్న అధికారి అది ‘దేవదాసీ వ్యవస్థపై తీసిన గొప్ప చిత్రం’ అని సెలవిచ్చారు. దొరల ఇళ్లలో దాసీలుగా బతికిన ఆడబాపల గోసకు, గుడి మెట్లకు సంబంధమేమిటని అడిగిన నాథుడు లేడు. అధికారులే అంత అనుకుంటే, పదిమందీ చదివి నమ్మే పత్రిక కూడా చూడకుండానే పొగడటం, తెలుసుకోకుండానే అచ్చువేయడం అలవాటు చేసుకుంటే ఎట్లా? ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పు దొర్లితేనే మరునాడు క్షమాపణ కనిపించేది.

సవరణ వేయదలిస్తే పెళ్లి ప్రకటనల అడుగున కాకుండా, వ్యాసం వచ్చిన పుటలోనే వేయగలరు. మీ వ్యాసకర్తకు ‘దాసి’ చూసే తీరిక లేకపోతే పోనీయండి, ‘మా భూమి’ టైటిళ్లయినా చివరిదాకా చూడమనండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిద్దిపేట జిల్లా